మాయాబజార్, శంకరాభరణం, సాగర సంగమం: ఆల్బంగా ఏది మిన్న? ఏ ప్రతి విని తేల్చుకోవాలి?

గట్టుమీది గ్రంథాలయం (ప్రశ్న)

మా గ్రంథాలయంలో నెలకో సినిమా ఆల్బం మొదటినుంచి చివరిదాకా విని, ఆ తరవాత మాట్లాడుకునే కార్యక్రమం పెడుతున్నాం. పాతిక మంది దాకా వస్తారు. మొదటి మూడు నెలలకి మాయాబజార్ (1957), శంకరాభరణం (1980), సాగర సంగమం (1983) అనుకున్నాం. మా దగ్గర ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు ఉన్నాయి.

మొదటి సందేహం: బొమ్మ పక్కన పెట్టి పాటలు మాత్రమే వింటే ఈ మూడింట్లో ఏది నిలబడుతుంది? దేన్ని పట్టుకుని చెప్పాలి?

రెండోది: "లాహిరి లాహిరి" ఒక్కటే నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంది. ఒకచోట శ్రుతి పైకి ఉంది, ఒకచోట నిడివి తక్కువ. "రీమాస్టర్" అని రాసినదాంట్లో గరగర లేదు గానీ ఘంటసాల గొంతు దూది కప్పినట్టుంది. ఏది నమ్మాలి?

శ్రుతిపెట్టె

రెండో సందేహం ముందు తేల్చుకోండి. తప్పు వేగంలో విన్న గొంతు మీద అభిప్రాయం చెబితే ఆ గాయకుడికి అన్యాయం చేసినట్టే.

శ్రుతి తేడాకి పెద్ద కారణం సినిమా వేగం. హాల్లో ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. మన టీవీలు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకి 25. ఫిల్మునుంచి వీడియోకి ఎక్కించేటప్పుడు 24ని 25గా నడిపేస్తే బొమ్మలో తేడా కంటికి ఆనదు. పాట మాత్రం 4.17 శాతం వేగంగా పోతుంది. ఐదు నిమిషాల పాటలో 12 సెకన్లు మాయమవుతాయి. శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టులో పదింట ఏడు వంతులు పైకెక్కుతుంది, అంటే అర శ్రుతికి కాస్త తక్కువ. వీసీడీలనుంచి, టీవీ ప్రసారాలనుంచి తీసి పెట్టిన పాటల్లో ఈ జబ్బు బాగా కనిపిస్తుంది. ఘంటసాల గొంతులోని ఆ నిండు మంద్రం పలచబడేది ఇక్కడే. లీల గొంతు అయితే సన్నబడి కీచుగా వినిపిస్తుంది.

రెండు ప్రతులు పోల్చేటప్పుడు మొత్తం నిడివి చూడకండి. ముందు వాద్యసంగీతం కత్తిరించడం, చివర మెల్లగా తగ్గించి ఆపేయడం మామూలే. పల్లవి మొదటి అక్షరం నుంచి రెండో చరణం మొదటి అక్షరం దాకా ఎన్ని సెకన్లో కొలవండి. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే 0.96 వచ్చిందంటే వాటిలో ఒకటి పాల్ ప్రతి. 0.98, 0.97 లాంటివి వస్తే టేపు మిషను వేగం తేడా, లేదా రికార్డు ప్లేయరు తేడా. 0.90కీ కిందికి పోతే మధ్యలో ఎక్కడో వాద్యాల ముక్క కోసేశారు.

ఇక రెండింట్లో అసలు వేగం ఏది? అది కరెంటు రొద చెబుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ రోజుల రికార్డింగుల్లో ఆ రొద సన్నగా పడే ఉంటుంది. ఆడాసిటీలో (ధ్వనిని కోసి, కొలిచే కంప్యూటర్ ప్రోగ్రాం) పాట తెరిచి, మొదట్లోనో చివరనో గొంతూ వాద్యమూ లేని చోటు కనీసం రెండు సెకన్లు ఎంచుకుని "ఎనలైజ్"లో "ప్లాట్ స్పెక్ట్రమ్" నొక్కండి. సైజు 65536 పెట్టండి, తక్కువ పెడితే 50కీ 52కీ తేడా తెలియదు. శిఖరాలు 50, 100, 150 దగ్గర ఉంటే వేగం సరిగ్గా ఉంది. 52.1, 104.2, 156.2 దగ్గర ఉంటే పాల్ వేగం. రెండు వరసలూ కనిపిస్తే 50 వరస బదిలీ చేసినవాళ్ళ మిషనుది, రెండోది పాటతో పాటు వచ్చినది. రెండో దాన్నే నమ్మండి. కరెంటు కూడా కాస్త ఊగేది కాబట్టి అర హెర్ట్జ్ తేడాని పట్టించుకోవద్దు. అసలు రొదే లేదంటే ఎవరో శుభ్రం చేశారన్నమాట, ఈ పరీక్ష అక్కడ పనికిరాదు.

సరిచెయ్యడానికి "ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్"లో మైనస్ 4.000 ఇవ్వండి, చాలు. "ఛేంజ్ టెంపో", "ఛేంజ్ పిచ్" ముట్టుకోకండి. అవి వేగాన్నీ శ్రుతినీ విడదీసి ధ్వనిని ముక్కలుగా అతికిస్తాయి. తబలా దెబ్బ ఒకటి పడాల్సిన చోట రెండుగా చీలినట్టు వినిపించేది అందుకే.

రీమాస్టర్ సంగతి. 1957 నాటి సౌండ్ ట్రాకులో ఎనిమిది వేల హెర్ట్జ్ పైన సంగీతం దాదాపు ఉండదు, ఉన్నది సుయ్‌మనే చప్పుడే. ఆ చప్పుడు తీసెయ్యాలని నాయిస్ రిడక్షన్ 15, 20 డెసిబెల్స్ పెడతారు. హల్లులు, ముఖ్యంగా స, శ, ష, చ, ఆ చప్పుడు కిందికి పాకిన చోటే ఉంటాయి. చప్పుడుతో పాటు అవీ పోతాయి, ఊపిరి తీసుకోవడమూ పోతుంది. చరణాల మధ్య నీళ్ళలో బుడగల్లాంటి శబ్దం వినిపిస్తే అది అతిగా శుభ్రం చేసిన గుర్తు. అలాంటి ప్రతిని బాగు చెయ్యలేం, పక్కన పడెయ్యండి. గరగర ఉన్న ప్రతే తీసుకుని, తప్పదనుకుంటే 6 డెసిబెల్స్ దాటకుండా తగ్గించుకోండి.

దొంగ స్టీరియో (మోనోనే విడదీసి స్టీరియో అని చెప్పేది) పట్టుకోవడం ఇంకా తేలిక. స్టీరియో ట్రాకుని రెండు మోనోలుగా విడగొట్టి, ఒకదాన్ని "ఇన్వర్ట్" (తలకిందులు) చేసి, రెండూ కలిపి వినండి. ఏమీ వినపడకపోతే నిజమైన మోనో. టపటప గీతల చప్పుడు మాత్రమే మిగిలితే మోనో రికార్డుని స్టీరియో కార్ట్రిడ్జ్‌తో (రికార్డు ప్లేయరులో సూది ఉండే భాగం) ఎక్కించారు, అది మంచి ప్రతి. రెండు చానెళ్ళూ కలిపి మోనో చేసుకుంటే ఆ టపటపలో చాలా భాగం దానంతట అదే పోతుంది, ఎందుకంటే మోనో రికార్డు గాడిలో పాట పక్కలకి ఊగుతుంది, గీతలూ దుమ్మూ సూదిని పైకీ కిందికీ కూడా కదుపుతాయి. పాట బొంగురుగా మిగిలితే దొంగ స్టీరియో. డ్రమ్ములు స్పష్టంగా మిగిలితే ఈ మధ్య ఎవరో కలిపిన దరువు. అది విని మాయాబజార్ మీద మాట్లాడటం దండగ.

వీణతీగ

పైన చెప్పినవన్నీ సరే. మొదటి ప్రశ్నకి నా జవాబు మాయాబజార్. కారణాలు చెబుతాను.

అసలు 1957లో తెలుగు సినిమాకి "ఆల్బం" అన్నదే లేదు. 78 స్పీడు రికార్డు పది అంగుళాలది, ఒక వైపు మూడు నిమిషాల చిల్లర పడుతుంది. పాట పెద్దదైతే కొంత కోసేవారు, లేదా రెండు వైపులా పంచేవారు. కాబట్టి రికార్డుల పాటలన్నీ వరసగా పేర్చి అదే మాయాబజార్ అనుకోవద్దు. పద్యాలూ, మధ్యలో వచ్చే వాద్యసంగీతమూ కలిపి, సినిమా సౌండ్ ట్రాకునుంచే తీసుకోండి. అదీ నలుపు తెలుపు ప్రతి. 2010లో వచ్చిన రంగుల ప్రతిలో నిడివి తగ్గింది, కొన్ని పాటలూ పద్యాలూ పోయాయి. ధ్వని కూడా ఈ కాలపు హాళ్ళకోసం కొత్తగా అమర్చినది.

సంగీతం ఘంటసాల పేరుమీదే ఉన్నా మొదట పనిచేసింది సాలూరి రాజేశ్వరరావు. "లాహిరి లాహిరి", "చూపులు కలసిన శుభవేళ", "నీవేనా నను తలచినది" లాంటి బాణీలు ఆయనవి. ఆయన తప్పుకున్నాక వాటికి వాద్యాలు కూర్చి రికార్డు చేసిందీ, మిగతా పాటలు కట్టిందీ ఘంటసాల. వినేవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పండి. యుగళగీతాల్లో గొంతు జారే తీరు, అనుస్వరాల (స్వరాన్ని ఆనుకుని పలికే చిన్న స్వరాల) మెత్తదనం ఒక రకం. "వివాహ భోజనంబు", "అహ నా పెళ్ళియంట"లలో నాటకరంగపు ధాటి ఇంకో రకం. ఇద్దరి చేతులు పడినా అతుకు కనపడదు. ఘంటసాల సంగీత దర్శకుడిగా ఎంత గొప్పవాడో నాకు ఇక్కడే తెలుస్తుంది. ఇంకొకరి బాణీని తనది చేసుకోవాలని చూడలేదు, దానికి తగ్గ వాద్యాలు ఎంచి వదిలేశాడు.

దగ్గరగా వినాల్సింది "లాహిరి". మోహన రాగం: స, రి, గ, ప, ద, అంతే. మధ్యమం, నిషాదం లేవు. ఐదు స్వరాల మధ్య ఎక్కడా గతుకు లేకుండా పడవ సాగిపోతుంది. ఆ పాటలో అభిమన్యుడిగా అక్కినేనికీ, కృష్ణుడిగా ఎన్టీఆర్‌కీ ఘంటసాల గొంతే. బొమ్మ చూడకుండా విని, గొంతు ఎవరికోసం మారిందో చెప్పమని అడగండి. మొదట ఎవరూ చెప్పలేరు. రెండోసారి వింటే తెలుస్తుంది: అభిమన్యుడి చరణంలో మాటలు మెత్తగా విడుస్తాడు, కృష్ణుడి చరణంలో అక్షరానికి కాస్త బరువు ఎక్కువ. శ్రుతిపెట్టె గారు చెప్పిన అతి శుభ్రం ప్రతిలో ఈ తేడా చచ్చినా పట్టుబడదు. తేడా అంతా హల్లుల్లోనే ఉంది మరి.

మాధవపెద్ది సత్యం నవ్వు గురించి ఒక మాట. "వివాహ భోజనంబు"లో ఆ నవ్వు తాళానికి బయట లేదు. చేత్తో దెబ్బ వేసుకుంటూ వినండి, ఒక్క "హ" కూడా తప్పు చోట పడదు. ఎస్వీ రంగారావు నటనకి సగం పని అక్కడే అయిపోయింది.

మిగతా రెండింట్లో ఒకే గొంతు ఆల్బం మొత్తాన్ని మోస్తుంది. ఇక్కడ ఘంటసాల, లీల, సుశీల, సత్యం ఎవరి పాత్ర వాళ్ళదిగా నిలుస్తారు. బొమ్మ లేకపోయినా కథ చెవికి కనిపించేది దీంట్లోనే.

బిలహరి

వీణతీగ గారితో ఒక చోట విభేదిస్తాను. ఒకే గొంతు మోయడం లోపం కాదు. శంకరాభరణం బలమే అది. తెరమీద జె.వి. సోమయాజులు వయసు మళ్ళిన విద్వాంసుడు. ఆ పాటలు పాడేనాటికి బాలుకి ముప్పై నాలుగు నిండలేదు. కుర్రతనం ఎక్కడా బయటపడకుండా గొంతుకి వయసు తెచ్చుకోవడం, అదీ మంద్రంలో గొణగకుండా, తారస్థాయికి పోయి నిలబడి తెచ్చుకోవడం మామూలు విషయం కాదు. "శంకరా నాదశరీరాపరా" మధ్యమావతి రాగం. దాన్ని 52 హెర్ట్జ్ ప్రతిలో వింటే ఆ వయసంతా పోయి కుర్రాడు వినిపిస్తాడు. కాబట్టి ఆ పరీక్ష మాయాబజార్‌కి ఒక్కదానికే కాదు, దీనికీ చెయ్యండి.

అయితే శంకరాభరణాన్ని తూచేటప్పుడు ఒక లెక్క విడిగా పెట్టుకోవాలి. అందులో సగం దాకా పాత రచనలు. "సామజ వరగమన" ఎత్తుగడ త్యాగరాజు (చరణాలు వేటూరివి), "బ్రోచేవారెవరురా" మైసూరు వాసుదేవాచార్య, "మానస సంచరరే" సదాశివ బ్రహ్మేంద్రులు, "పలుకే బంగారమాయెనా", "ఏ తీరుగ నను" రామదాసు. వాటి గొప్పతనాన్ని సినిమా ఖాతాలో వెయ్యకూడదు. మహదేవన్ (సంగీతం), వేటూరి (సాహిత్యం) కొత్తగా కట్టినవి "ఓంకార నాదాను", "శంకరా", "రాగం తానం పల్లవి", "దొరకునా ఇటువంటి సేవ". చివరిదానికి ఎత్తుగడ మాటలూ బిలహరి రాగమూ త్యాగరాజ కృతివే, తరవాతిది వేటూరిది. ఈ నాలుగింటి మీదే మార్కులు వెయ్యాలి. వేసినా శంకరాభరణం తగ్గదు. మహదేవన్ ముందు సాహిత్యం రాయించుకుని తరవాత బాణీ కట్టేవారు కదా, అందుకే ఏ మాటా విరగదు. పాడి చూసుకోండి, మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సిన చోటు ఒక్కటీ ఉండదు.

"దొరకునా" చివర్లో బాలు గొంతు ఆగిపోయి వాణీ జయరాం గొంతు అందుకుంటుంది. తెరమీద శంకరశాస్త్రి కూలిపోతుంటే శిష్యుడైన పిల్లవాడు (తులసి) పాట అందుకునే చోటు అది. బొమ్మ లేకుండా విన్నా ఆ మార్పు చెబుతూనే ఉంటుంది. కొన్ని ప్రతుల్లో సరిగ్గా అక్కడే పాట తగ్గించి ఆపేశారు. అలాంటిది తీసుకోవద్దు.

ఇన్ని చెప్పినా, పాటలు మాత్రమే విని ఎంచుకోమంటే నా ఓటు సాగర సంగమానికి. ఆ ఏడాది ఇళయరాజాకీ బాలుకీ జాతీయ పురస్కారాలు వచ్చాయని కాదు. శంకరాభరణం గాత్రకచేరీ దారిలో నడుస్తుంది, వాద్యాలు గొంతు వెనకే ఉంటాయి. సాగర సంగమంలో వాద్యాలకి సొంత మాట ఉంది. "మౌనమేలనోయి"లో చరణాల మధ్య వచ్చే సంగీతాన్ని విడిగా కత్తిరించి వినిపించండి, అదే ఒక చిన్న రచనలా నిలుస్తుంది. "వేదం అణువణువున" హంసానంది రాగంలో, బాలుతో కలిసి ఎస్.పి. శైలజ పాడింది, తెరమీద నాట్యం చేసిందీ ఆమే. "తకిట తధిమి" తాగిన మనిషి నూతి గట్టు మీద ఆడే పాట. తూలుడంతా మాట విరుపులో ఉంటుంది, తాళం మాత్రం తూలదు.

మీ కార్యక్రమానికి ఒక్క పని తప్పకుండా చెయ్యండి. "సామజ వరగమన", ఆ వెంటనే "ఓం నమశ్శివాయ" (జానకి) పెట్టండి. రెండూ హిందోళమే: స, గ, మ, ద, ని. ఒకటి మహదేవన్, ఒకటి ఇళయరాజా. ఒకే రాగాన్ని ఒకరు కృతి మర్యాదలో ఎలా ఉంచారో, ఇంకొకరు నాట్యానికి ఎలా పదును పెట్టారో గంట ఉపన్యాసం కన్నా ఈ పది నిమిషాలు బాగా చెబుతాయి. ముందు తంబుర యాప్ పెట్టి శ్రుతి చెవికెక్కించేటట్టయితే పంచమం తీసేసి మధ్యమం పెట్టుకోండి. హిందోళంలో పంచమం లేదు, మోగుతూ ఉంటే రాగానికి అడ్డుపడుతుంది. హంసానందికి పంచమమూ లేదు, ఉన్నది ప్రతిమధ్యమం (మధ్యమాల్లో పైది). దానికి షడ్జమం ఒక్కటే ఉంచండి.

మోనో మేలు

స్పీకర్ల విషయం ఎవరూ చెప్పలేదు. మాయాబజార్‌కి రెండు స్పీకర్లూ దూరదూరంగా పెట్టకండి. మోనో పాటని రెండు మూలల నుంచి వదిలితే మధ్యలో కూర్చున్న నలుగురికే గొంతు ఒక చోట నుంచి వస్తుంది, మిగతావాళ్ళకి పక్క స్పీకరే వినిపిస్తుంది. ఒక్క స్పీకరే వాడండి, లేదా రెండూ పక్కపక్కనే పెట్టండి. కూర్చున్నవాళ్ళ తలలకి పైన, అయిదడుగుల ఎత్తున, వెనక గోడకి రెండడుగులు ఎడంగా. గోడకి ఆనిస్తే మంద్రం బొయ్యిమంటుంది, మృదంగం తొప్పి (ఎడమ వైపు) ఒక్కటే వినపడి వలంతల (కుడి వైపు) మునిగిపోతుంది.

ల్యాప్‌టాప్ సౌండ్ సెట్టింగుల్లో "ఎన్‌హాన్స్‌మెంట్స్" పేరుతో ఉన్నవన్నీ ఆపేయండి. చాలా వాటిలో మోనోని విడదీసి దొంగ స్టీరియో చేసే పని కొన్నప్పటినుంచీ నడుస్తూనే ఉంటుంది. మీరు పడిన శ్రమంతా అక్కడ వృథా అవుతుంది. సీలింగ్ ఫ్యాన్లు రెండులో పెట్టండి, ఐదులో పెడితే తంబుర నాదం అందులో కలిసిపోతుంది. పాటల సాహిత్యం కాగితాలు మొదటిసారి విన్నాకే పంచండి. ముందే ఇస్తే అందరూ చదువుతారు, ఎవరూ వినరు.

గట్టుమీది గ్రంథాలయం

అందరికీ ధన్యవాదాలండి. లాహిరి రెండు ప్రతులు కొలిచాం, 0.96 వచ్చింది. ఒకదాంట్లో శిఖరం 52 దగ్గర ఉంది, దాన్ని తీసేశాం. ఇంకొక్క చిక్కు. సాగర సంగమం మాకు దొరికింది పాత క్యాసెట్. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే "స", "శ" మొద్దుగా వస్తున్నాయి. "వేదం" మొదలవడానికి ఒక క్షణం ముందే ఆ ఎత్తుగడ సన్నగా వినిపిస్తోంది. క్యాసెట్ పాడైందా?

శ్రుతిపెట్టె

పాడవలేదండి. ముందే సన్నగా వినిపించేది ప్రింట్ త్రూ. టేపు ఏళ్ళ తరబడి చుట్టి ఉండటంతో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొరకి అంటుతుంది. ఎక్కించే ముందు క్యాసెట్‌ని చివరిదాకా ముందుకీ, మళ్ళీ వెనక్కీ రెండు మూడుసార్లు తిప్పితే కొంత తగ్గుతుంది. మిగిలినదాన్ని పాట మొదలయ్యేదాకా ధ్వని తగ్గించి కప్పేయొచ్చు.

"స" మొద్దుబారడానికి మూడు కారణాలు, ఈ వరసలోనే చూడండి. హెడ్ (టేపుని చదివే భాగం) మీద గోధుమరంగు మడ్డి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి, రబ్బరు రోలరుకి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి. తరవాత డాల్బీ (టేపు సుయ్‌మనే చప్పుడు తగ్గించే ఏర్పాటు) మీట చూడండి. క్యాసెట్ అట్ట మీద డాల్బీ గుర్తు లేకపోతే ఆ మీట ఆపేసి ఉండాలి, లేకపోతే పై స్వరాలన్నీ అది తొక్కేస్తుంది. అప్పటికీ మొద్దుగానే ఉంటే అజిముత్, అంటే హెడ్ టేపుకి నిటారుగా లేదు. హెడ్‌కి ఒక పక్క స్ప్రింగుతో చిన్న స్క్రూ ఉంటుంది. అవుట్‌పుట్‌ని మోనోలో పెట్టి, జానకి పాడే చోటు నడిపిస్తూ, పావు చుట్టుకి మించకుండా మెల్లగా తిప్పండి. "శివాయ"లో "శి" ఎక్కడ బాగా పదునుగా వినిపిస్తుందో అక్కడ ఆపండి. మోనోలో పెట్టమన్నది ఎందుకంటే హెడ్ వంకరగా ఉంటే రెండు చానెళ్ళూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, అలా పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. తిప్పే ముందు స్క్రూ మొదట ఉన్న చోట పెన్నుతో గీత పెట్టుకోండి. ఇంకో క్యాసెట్ పెట్టినప్పుడు మళ్ళీ అక్కడికే తేవాలి.